కొసరు వేసే చెయ్యి

అనకాపల్లి బజారులో ఎవరి మాటనైనా కాదనవచ్చు గాని, మాలచ్చమ్మ చెయ్యి చెప్పిన మాటను కాదనడానికి లేదు. ఆ చెయ్యి దిమ్మ మీద పడిందంటే బెల్లం తన పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకోవలసిందే. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, ఇది చెమ్మ సరుకు, ఇది పాకం ముదిరిన సరుకు, ఇది పాత సరుకుకి కొత్త పూత అని తేల్చేసేది. అలాంటి చెయ్యి ఆ ఏడు మాఘమాసంలో భుజం దాటి పైకి లేవనని మొండికేసింది.

ఒళ్ళు కూడా ఒక వ్యాపారమేనని మాలచ్చమ్మ లెక్క. తిండి పెట్టుబడి, పని రాబడి, వయసు తరుగు. తరుగు ఉన్నదని కొట్టు కట్టేయరు కదా! అందుకని మొదట ఆముదం రాసి జిల్లేడాకులు వేడిచేసి కట్టింది. తర్వాత నరాలు సవరించే ముసలాయన చేత తోమించుకుంది. ఆ తోముడికి ఉన్న నొప్పికి పక్కన ఇంకో నొప్పి పుట్టింది. చివరికి ఆస్పత్రికి వెళ్తే డాక్టరు చూసి, కండ పట్టేసిందమ్మా, ఐసుముక్క పెట్టుకో, చేతికి కొన్నాళ్ళు సెలవియ్యి అన్నాడు.

"సెలవా?" అంది మాలచ్చమ్మ కొట్టుకి తిరిగొచ్చాక. "సేతికి సెలవిస్తే కొట్టుకి సెలవు. కొట్టుకి సెలవిస్తే ఎదరకొట్టోడికి పండగ."

"నీ సెయ్యి పింఛను అడగతందే," అన్నాడు మొగుడు పరదేశినాయుడు. "ఇన్నేళ్ళు ఊడిగం సేసింది, ఇచ్చీ."

"మాటలకేం, నీ నోటికి ఏ పట్టూ పట్టలేదు గదా."

ఆ మాటల్లో ఉండగానే ఇందుమతి వచ్చింది. ఇందుమతి మాలచ్చమ్మ అన్నగారి కూతురు. బడి ఈ కొట్టుకి ఎదురుగానే ఉండడంతో దాని చిన్నతనమంతా ఈ గోనెల మీదే గడిచింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో పనిచేస్తోంది. అక్కడ వాళ్ళ పనంతా చిరిగిన కండల మీదే.

వస్తూనే అత్త భుజం కింద వేలు పెట్టి నొక్కింది. "ఇక్కడేనా?"

"ఓలమ్మో! అక్కడే. సంపేస్తావేటే?"

ఇందుమతి చుట్టూ చూసి, మూలనున్న అతుకుల గోనెసంచి ఒకటి లాగి అత్త ముందు పరిచింది. "ఈ సంచికి కొత్త చిరుగు ఎక్కడ పడింది, చూడత్తా."

"అతుకు పక్కన. ఎప్పుడూ అక్కడే పడతాది. అతుకు గట్టిది, దాని పక్క నార మెత్తంది. బరువెత్తితే మెత్తంది లొంగిపోద్ది."

"నీ చేతిలో జరిగింది అదే. కండ ఒక్కసారి పుటుక్కున తెగలేదు. ఏళ్ళ తరబడి నార నార చిరిగింది. చిరిగినప్పుడల్లా ఒళ్ళు గట్టి అతుకు వేసుకుంది. అతుకు సాగదు, పక్క నార చిరుగుతుంది. మళ్ళీ అతుకు. ఇప్పుడు నీ భుజంలో సంచి తక్కువ, అతుకులెక్కువ."

"మరి మీరేటి సేస్తారు?"

"అతుకులన్నీ విప్పి, కొత్త నార అల్లిస్తాం."

మాలచ్చమ్మ మేనకోడలి ముఖంలోకి చూసింది. ముప్ఫై ఏళ్ళుగా రైతుల ముఖాలు చదివిన చూపు అది. "తరుగేటి?"

ఇందుమతి నవ్వింది గాని, నవ్వు తొందరగా ఆపేసింది. "ఉంది. అలవాటు బుర్రలోనే ఉంటుందని అందరూ అనుకుంటారు. కొంత కండలో కూడా దాగి ఉంటుందని మేం కనిపెట్టాం. కొత్త నార అల్లుకోవాలంటే కండ తనకి అలవాటైన పనులన్నీ ఒకసారి చేసి చూపించాలి. చేతికి వేసే మా తొడుగు వాటిని చేయిస్తుంది. చేసి చూపించిన పని మాత్రం చెరిగిపోతుంది. మళ్ళీ నేర్చుకుంటే వస్తుంది."

నేర్చుకుంటే వచ్చేది నష్టం కిందికి రాదని మాలచ్చమ్మ లెక్క కట్టింది. బేరం కుదిరింది.

* * *

ప్రయోగశాల సింహాచలం కొండకి అవతలి వైపు ఉంది. అక్కడ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, కుడిచేతికి భుజం దాకా బూడిదరంగు తొడుగు ఒకటి వేశారు. తడిగుడ్డలా చల్లగా ఉంది. కాసేపటికి లోపల చీమలు పాకినట్టయింది. ఆ తర్వాత ఆమె ప్రమేయం లేకుండానే చెయ్యి లేచింది.

లేచి, గాలిలో ముందుకీ వెనక్కీ ఆడింది. మాలచ్చమ్మకి మొదట అర్థం కాలేదు. తర్వాత పోల్చుకుంది. అది కవ్వం తాడు లాగే చెయ్యి. కశింకోటలో పుట్టింటి పెరడు, పొగచూరిన కుండ, వెన్న తేలిందా అని అమ్మ వంగి చూడడం. అమ్మ పోయాక ఆ కుండ ఎవరు తీసుకుపోయారో కూడా తెలియదు. కవ్వం పట్టి ఎన్నేళ్ళయింది! చెయ్యి మాత్రం నిన్నటి పనిలా లాగుతోంది.

తర్వాత చెయ్యి కిందికి దిగి చుక్కలు పెట్టింది, ముగ్గు కలిపింది. జడ అల్లింది. బియ్యం చెరిగింది. గదిలో ఉన్న ఇంజనీరు కుర్రాడు తెర మీద గీతలు చూసుకుంటున్నాడు. మాలచ్చమ్మ మాత్రం పెళ్ళికి వచ్చిన చుట్టాల్ని ఒక్కొక్కరినే గుర్తుపట్టి పలకరించినట్టు ఒక్కొక్క పనినీ గుర్తుపడుతోంది.

"ఇది సద్ది మూట కట్టడం... ఇది తలంటు... ఇదేటి? ఆఁ, కందిసేలో పిట్టల్ని తోలడం!"

ఆఖరున చెయ్యి మోకాలి ఎత్తున ఆగి, అరచేతితో గాలిని మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. ఒకే ఊపు, ఒకే వేగం.

ఇందుమతి తెర దగ్గర్నుంచి లేచి వచ్చింది. "ఇదేం పనత్తా?"

"నిన్ను నిద్దరపుచ్చడం. గోనెల మీద పడుకోబెట్టి ఒక సేత్తో బేరం, ఒక సేత్తో నువ్వు. సెయ్యి తీస్తే లేచిపోయీదానివి, దొంగ గుంటా."

ఆ చెయ్యి తట్టడం ఆపేదాకా ఇందుమతి అక్కడే నిలబడింది. ఆగిన తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట ఏమీ లేకపోయినా చాలాసేపు బయటికి చూసింది.

* * *

మర్నాడు పొద్దున్నే మాలచ్చమ్మ వాకిట్లో ముగ్గు వేసింది. పక్కింటి వరాలమ్మ చెంబుతో వచ్చి ఆగిపోయింది.

"ఏటొదినా, ముగ్గేసినావా, కోడి తొక్కీసిందా?"

"కొత్త సెయ్యి. నిన్ననే బళ్ళో ఏసినాం," అంది మాలచ్చమ్మ, తనూ నవ్వుతూ.

చుక్క పెట్టి గీత లాగితే గీత ఒక దారి, చుక్క ఒక దారి. చిన్నపిల్లలా నాలుక బయటపెట్టి నేర్చుకుంది. వారం తిరిగేసరికి ముగ్గు దారిలో పడింది. నొప్పీ సగానికి సగం దిగింది. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిల్లి పడుకోగలుగుతోంది. లాభంలో ఉన్నామనే అనుకుంది. రెండోసారి వెళ్ళినప్పుడు ఇంకొన్ని పనులు చెరిగాయి, నొప్పి ఇంకాస్త నెమ్మదించింది.

మూడోసారి అలా జరగలేదు.

తొడుగు వేయగానే చెయ్యి లేచి, బొటనవేలూ చూపుడువేలూ కలిసి దేన్నో చిదిపినట్టు చిదిపి, మణికట్టు తిరిగి, చెయ్యంతా ముందుకి బారుగా చాచుకుని, వేళ్ళు విడిచి, వెనక్కి వచ్చింది. మళ్ళీ చిదిపింది. మళ్ళీ చాచింది. మిగతా పనులు కాసేపాడి ఆగేవి. ఇది ఆగలేదు. చాచినప్పుడల్లా భుజం కింద అదే చోట సూదిలా గుచ్చింది. ఇంజనీరు కుర్రాడు ఊపు తగ్గించాడు. చెయ్యి నిమ్మళంగానైనా అదే పని చేస్తూ పోయింది.

"ఇదీ!" అన్నాడు కుర్రాడు తెర మీద వేలు పెట్టి. "కండని చింపిన కదలిక ఇదే మేడం. మిగతావన్నీ పైపైన. చెయ్యి చాచే ఈ చివరి విసురులో భుజం మీద మెలిక పడుతోంది. అసలు ఇదేం పని? దీనివల్ల ఏమిటి ఉపయోగం?"

ఇందుమతికి తెలుసు. ఆ చేతి చివర బడిసంచి పట్టుకుని ఎన్ని సాయంత్రాలు నిలబడిందో!

"కొసరు బాబూ," అంది మాలచ్చమ్మ. "తూకం అయిపోనాక, పొట్లం కట్టినాక, పైన ఏసీ పిసరు. కొట్టు గట్టు ఎడల్పు గదా, సాపితే గాని అందదు."

చెయ్యి చాస్తూనే ఉంది. మాలచ్చమ్మకి ఆ చేతి అవతల మావగారు కనిపించాడు.

ఆ మహానుభావుడు తూకం దగ్గర ఆవగింజ వదిలేవాడు కాదు. పిసినారి అన్నవాళ్ళూ ఉన్నారు. కొత్తకోడలు గట్టు మీద కూర్చున్న రోజున తనే సంచి పట్టుకుని కొనేవాడిలా అవతల నిలబడ్డాడు. ఆమె తూచింది, పొట్లం కట్టింది, ఇచ్చింది. ఆయన కదలడే! "మరి?" అన్నాడు. ఆమెకి తట్టి ఇంత ముక్క వేసింది. వెళ్ళి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తూచింది, మళ్ళీ మరిచిపోయింది. "మరి?" ఆ మధ్యాహ్నమంతా అదే ఆట. కోడలికి ఏడుపొచ్చింది.

"గుర్తెట్టుకుని ఏస్తానులెండి మావా," అంది.

"గుర్తెట్టుకుంటే కుదరదమ్మా," అన్నాడాయన. "బుర్రకి ఒదిలీసినావంటే అది లెక్కలేస్తాది. ఈడికెందుకు, ఆడికెంత అంటాది. బుర్ర నీకెన్నడూ నష్టం రానివ్వదు. సేతికి అప్పజెప్పీ. సేతికి మనుసులు తెల్దు."

ఇందుమతి తొడుగు ఆపింది. చెయ్యి ఒడిలో వాలింది.

"అత్తా, ఇది రేపు పూర్తిచెయ్యాలి. పూర్తయితే ఈ కదలిక పోతుంది. మళ్ళీ నేర్చుకోవచ్చు గాని, నేర్చుకుంటే మళ్ళీ అక్కడే చిరుగుతుంది. ఇప్పుడే ఆపేస్తే అతుకులు సగం విప్పి ఉన్నాయి, చెయ్యి అసలు లేవకుండా పోవచ్చు."

"అంటే సెయ్యి గావాలా, కొసరు గావాలా అని."

"కొసరు బుర్రతో గుర్తుపెట్టుకుని వేస్తే సరిపోతుంది కదత్తా," అంది ఇందుమతి ఆశగా.

మాలచ్చమ్మ దాని వైపు చూసింది గాని, మావగారి మాట చెప్పలేదు. ఆ రాత్రి మేనకోడలింట్లో పడుకుని బేరం తిప్పితిప్పి చూసింది. చెయ్యుంటే కొట్టుంటుంది. కొట్టుంటే కొసరు సంగతి ఏదో ఒకటి చూసుకోవచ్చు. చెయ్యే లేకపోతే కొసరు దేంతో వేస్తుంది? ఏ వ్యాపారి అయినా చెప్పే లెక్క అదే. తెల్లారి వెళ్ళి తొడుగు వేయించుకుంది. చెయ్యి చాచి చాచి, ఒకచోట చాచబోయి మధ్యలో ఆగిపోయింది. అంతే. నొప్పీ దాంతోనే పోయింది.

* * *

చెయ్యి బ్రహ్మాండంగా కుదిరింది. దిమ్మని అటకమీదికి ఒక్కచేత్తో పెడుతుంటే పరదేశినాయుడు నోరు తెరిచాడు. "నా మీద ఎత్తకే తల్లీ," అని రెండడుగులు వెనక్కేశాడు.

మొదటి బేరం పైడితల్లిది. పైడితల్లి బడి గేటు దగ్గర నువ్వుల చిమ్మిలి ఉండలు అమ్ముకునే మనిషి. మాట్లాడే కాటా తన గొంతుతో బరువు చెప్పింది. మాలచ్చమ్మ పొట్లం కట్టి చేతిలో పెట్టింది. పైడితల్లి కదల్లేదు.

"ఏటి పైడీ, ఇంకేటైనా గావాలా?"

"ఏటీ లేదమ్మా," అంది గాని నిలబడే ఉంది. అప్పుడు తట్టింది మాలచ్చమ్మకి. గబుక్కున పిసరంత చిదిపి వేసింది. పైడితల్లి పొట్లంలోకి చూసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ఒక ఆఫీసరుగారి భార్య కారు దిగి వచ్చింది. ఈసారి కొసరు మరిచిపోలేదు. పెద్దముక్కే వేసింది. వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ ఆగిపోయింది మాలచ్చమ్మ. పైడితల్లికి వేసిందెంత, ఈవిడకి వేసిందెంత? ఎవరు చెప్పారు తనకి అలా వెయ్యమని?

బుర్ర చెప్పింది. ఆ రోజునుంచి గట్టు దగ్గరకి ఎవరొచ్చినా బుర్ర చెబుతూనే ఉంది. వీడు నిన్న ఎదరకొట్లో కొన్నాడు. ఈవిడ గీచి గీచి బేరమాడింది. ఈయన పండక్కి పెద్దబేరం తెస్తాడు. తను ఉదారురాలినని ఇన్నేళ్ళూ మనసులో ఒక మూల మురిసిపోయింది మాలచ్చమ్మ. ఆ గుణం తనది కాదు, తన చేతిది. చెయ్యి పోగానే గుణమూ పోయింది.

ఎడంచేతికి నేర్పుదామని చూసింది. అలవాటు లేని ఎడంచెయ్యి గట్టుకి అవతలిదాకా సాగక, ముక్కని దగ్గరున్న కాటా పళ్ళెంలోనే పడేసింది. కాటా బరువు మార్చి చెప్పింది. బుర్ర ఆ బరువుకి తగ్గట్టు తూచిన సరుకులోంచి అంత తగ్గించేసింది.

"ఇదేటమ్మా!" అన్నాడు రిక్షా సింహాద్రి. "కాటాలో ఏస్తే కొసరెలగవుతాది? తూకమవుతాది గాని!"

బజారంతా నవ్వింది. మాలచ్చమ్మ కూడా నవ్వింది గాని ఆ పూట అన్నం సహించలేదు.

ఆదివారం ఇందుమతి వచ్చి ఒక మూల కూర్చుని అంతా చూసింది. బేరాలు సద్దుమణిగాక దగ్గరికొచ్చింది.

"ఆ కదలిక మా దగ్గర భద్రంగా ఉందత్తా. తొడుగు వేసుకుని కూర్చుంటే అదే వేయిస్తుంది, చిరగనంత నెమ్మదిగా."

"మిషనేస్తే మిషను కొసరవుతాది. అదొద్దు గాని, మీ దగ్గర తరవాత ఎవులున్నారు?"

"డోలు వాయించే ఆయన ఒకరు. మణికట్టు పట్టేసింది."

"ఆయనకి ముందే సెప్పు. వచ్చేది సెప్పినట్టే పోయేది కూడా సెప్పు. మళ్ళీ నేర్చుకోవచ్చు అని తేలిగ్గా అనీకు. సరుకులో లోపం దాసి అమ్మితే ఆ బేరం నిలవదు."

"చెబితే ఒప్పుకోడేమో. ఇప్పటికే మనుషులు దొరకడం లేదు."

"ఒప్పుకోపోతే ఆయనిష్టం. డోలు ఆయనది, నొప్పీ ఆయనదే."

ఇందుమతి తల దించుకుంది. "నీకు చెప్పలేదు నేను."

"నీకూ తెల్దు గదే. నేనడిగిన తరుగు నువ్వు సెప్పినావు. ఇది తరుగు కాదు. దీనికి ఏం పేరెట్టాలో నాకూ తెలీలేదు," అని, మేనకోడలు చిన్నప్పుడు నిద్రపోయిన గోనెల వైపు చూసి, "పోనీ, కూకో. అన్నం తిందువుగాని," అంది.

మర్నాడు మాలచ్చమ్మ ఒక పని చేసింది. మంచి దిమ్మ ఒకటి తీసి, పీట మీద పెట్టి, పీటని గట్టుకి ఇవతల కాదు, అవతల, కొనేవాళ్ళ వైపు పెట్టించింది. పక్కన ఒక చిన్న సుత్తి.

"ఏటిది?" అన్నాడు పరదేశినాయుడు.

"నా బుర్రకి అందకుండా పెట్టినాను. కొసరు ఆళ్ళది. ఆళ్ళే తీసుకుంటారు."

"దిమ్మ దిమ్మంతా ఎత్తుకుపోతారే!"

"సూద్దాం."

మొదటి రోజు జనం దొంగతనానికి వచ్చినట్టు బెరుగ్గా తీసుకున్నారు. పిల్లలు తప్ప ఎవరూ గుప్పెడు తీయలేదు. పెద్దవాళ్ళయితే మాలచ్చమ్మ చెయ్యి వేసేదానికన్నా తక్కువే చిదుపుకున్నారు. గట్టుకి ఇవతల కూర్చుని ఆ చేతులన్నీ చూస్తుంటే ఆమెకి హాయిగానూ ఉంది, లోపలెక్కడో వెలితిగానూ ఉంది. ఏ చెయ్యీ ముందుకి చాచుకోవడం లేదు. ఎవరి ముక్క వాళ్ళ సంచిలోకి పోతోంది.

మధ్యాహ్నం పైడితల్లి వచ్చింది. తూకం అయ్యాక సుత్తితో మెల్లగా కొట్టి రెండు ముక్కలు తీసింది. ఒకటి తన పొట్లం మీద పెట్టుకుంది. రెండోది పట్టుకుని, గట్టు మీదికి వంగి, వెడల్పంతా దాటేలా చెయ్యి బారుగా చాచి, మాలచ్చమ్మ అరచేతిలో పెట్టింది.

"నాకెందుకే?" అంది మాలచ్చమ్మ.

"ఇన్నాళ్ళూ నువ్వే ఏసినావు. నీకెవులేస్తారు మరి?"

మాలచ్చమ్మ పుట్టి బుద్ధెరిగాక తనకి ఎవరైనా కొసరు వేశారా అని వెతుక్కుంది. కనబడలేదు. చక్కెర జబ్బు వచ్చినప్పటినుంచి బెల్లం నోట పెట్టలేదు. సరుకు రుచి చూసే పని మొగుడికి అప్పగించేసింది. అయినా ఆ ముక్క నోట్లో వేసుకుంది. నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

మూసుకున్న కళ్ళు టక్కున తెరిచింది.

"ఏమయ్యోయ్! ఈ సరుకు ఏ ఊరిది? ఉప్పగుంది!"

వేలికి చెమ్మ తెలుస్తుంది, పాకం తెలుస్తుంది. చవిటినేల చెరుకు ఉప్పదనం మాత్రం వేలికి తెలియదు. పరదేశినాయుడు తువ్వాలు భుజాన వేసుకుని, ఏదో పని ఉన్నట్టు వెనక గుమ్మం లోంచి జారుకున్నాడు.

"ఇది ఎన్నాళ్ళబట్టే పైడీ?"

పైడితల్లి పొట్లం చంకన పెట్టుకుంది. "కార్తీకం నుంచీ. ఎన్నోసార్లు సెప్పాలనుకున్నానమ్మా," అంది నవ్వాపుకుంటూ. "సెప్తే కోపమొచ్చి కొసరు మానేస్తావని ఊరుకున్నాను."